ట్రక్కు వెనక మడ్ ఫ్లాప్‌లు: నాలుగేళ్లు, 31,000 మైళ్ల తర్వాత

మేం డాలస్ దగ్గర ఉంటాం. 2021లో 25 అడుగుల ట్రావెల్ ట్రైలర్ (బండి వెనక లాక్కెళ్లే చిన్న ఇల్లు లాంటిది) కొన్నాం. పికప్ ట్రక్కుకి తగిలించుకుని సెలవులొస్తే చాలు బయల్దేరతాం. ఆ ట్రైలర్ ముందు భాగాన్ని రాళ్ల దెబ్బల నుంచి కాపాడుకోవడానికి హిచ్‌కి (ట్రక్కు వెనక ట్రైలర్‌ని తగిలించే కొక్కేనికి) బిగించే పెద్ద మడ్ ఫ్లాప్‌లు, అంటే చక్రాల వెనక వేలాడే రబ్బరు తెరలు వాడుతున్నాను. కొత్తగా ట్రైలర్ కొన్న మనవాళ్లు తరచూ వీటి గురించి అడుగుతున్నారు, అందుకే వివరంగా రాస్తున్నాను.

మొదటి వేసవిలో ఫోర్ట్ డేవిస్ కొండల వైపు వెళ్లాం. టెక్సస్‌లో ఎండాకాలం ఊరి రోడ్ల మీద తారు చల్లి, పైన సన్న కంకర పరిచి రోలర్ తొక్కిస్తారు. చిప్ సీల్ అంటారు. అంటుకోని కంకరను ఊడ్చేసేదాకా అది చక్రాల కింద ఎగురుతూనే ఉంటుంది. అలాంటి రోడ్డు మీద పాతిక మైళ్లు పోయాం. ఇంటికొచ్చి ట్రైలర్ కడుగుతూ ముందు భాగం కింద చెయ్యి పెడితే ఇడ్లీ రవ్వ తగిలినట్టు గరుగ్గా ఉంది. పెచ్చులు ఊడిపోయాయి. గ్యాస్ సిలిండర్ల మీది ప్లాస్టిక్ మూత ఒక మూల బీట వారింది. నేనూ మా ఆవిడా కూర్చుని ఒక్కో దెబ్బ పక్కన చిన్న టేపు ముక్క అంటించుకుంటూ లెక్కపెట్టాం. 41 తేలాయి. కొత్త బండి, అప్పటికి మూడు నెలలు కూడా కాలేదు. చాలా బాధేసింది.

ఆ టేపు ముక్కలన్నీ అంటించాక దూరంగా నిలబడి చూస్తే అసలు సంగతి తెలిసింది. దెబ్బలు ఎక్కడ పడితే అక్కడ లేవు. రెండు నిలువు పట్టీల్లా, సరిగ్గా ట్రక్కు వెనక చక్రాలకు ఎదురుగా ఉన్నాయి. అన్నీ నడుము ఎత్తు లోపే. చిన్నప్పుడు లారీ వెనక స్కూటర్ మీద పోతుంటే నాన్న, "దూరంగా ఉండాలి, కంకర తగులుద్ది" అనేవారు. ఇక్కడ ట్రైలర్ ఎప్పుడూ మన చక్రాల వెనకే ఉంటుంది, దూరం జరిగే వీలు లేదు. ఎదుటి బండ్లను తిట్టుకుని లాభం లేదు. ట్రైలర్‌కి తగిలే రాళ్లలో ఎక్కువ భాగం మన ట్రక్కు విసిరినవే. కాబట్టి కవచం ట్రైలర్‌కి తొడగడం కంటే రాయిని చక్రం దగ్గరే ఆపడం మేలు.

అప్పుడు కొన్నవే ఈ ఫ్లాప్‌లు. హిచ్ బార్ మీద ఒక ఇనప దిమ్మ కూర్చుంటుంది. దానికి రెండు వైపులా చేతుల్లాంటి కడ్డీలు, వాటికి దళసరి రబ్బరు షీట్లు. బిగించడానికి మొదటిసారి గంట పట్టింది. ఇప్పుడు పిన్నులు లాగి కడ్డీలు తీసి లోపల పడేయడానికి రెండు నిమిషాలు చాలు.

నేను చేసిన పెద్ద తప్పు ఎత్తు కొలవడంలో. ట్రైలర్ తగిలించకముందే నేల నుంచి నాలుగు అంగుళాలు చూసి బిగించాను. ట్రైలర్ బరువు పడగానే ట్రక్కు వెనక భాగం కిందికి దిగింది. మొదటి పెట్రోల్ బంకులోకి ఎక్కేటప్పుడే రబ్బరు నేలకి రాసుకుని అంచు చిరిగింది. ట్రైలర్ తగిలించి, నీళ్లూ సామానూ అన్నీ నింపాకే కొలవాలి. ఇంకోటి సైలెన్సర్. మా ట్రక్కు గొట్టం చివర కుడి ఫ్లాప్ వైపే ఉంది. పొడవాటి ఘాట్ ఎక్కాక చూస్తే ఆ చోట రబ్బరు మెత్తబడి ఉబ్బింది. గొట్టం చివర కిందికి తిరిగే మూతి పెట్టించి, ఫ్లాప్‌కి వేడి తగలకుండా చిన్న రేకు బిగించాక ఆ బాధ తప్పింది. రివర్స్ తీసేటప్పుడు మాత్రం జాగ్రత్త. ఫ్లాప్ గట్టు మీద ఎక్కి చక్రం కింద పడితే కడ్డీ వంగుతుంది. మాది ఒకసారి వంగింది. ఇప్పుడు క్యాంప్‌సైట్ చేరగానే ముందు అవి తీశాకే వెనక్కి పోతాను.

వీటికి అసలు పరీక్ష 2023 వేసవిలో అలాస్కా హైవే మీద జరిగింది. కెనడాలో బ్రిటిష్ కొలంబియాలోని డాసన్ క్రీక్ నుంచి అలాస్కాలోని డెల్టా జంక్షన్ దాకా దాదాపు 1,387 మైళ్లు. 1942లో యుద్ధ అవసరాల కోసం వేసిన రోడ్డు. ఇప్పుడు తారు రోడ్డే గానీ, కెనడాలోని యుకాన్‌లో డిస్ట్రక్షన్ బే దాటి బీవర్ క్రీక్ దాకా అడుగున గడ్డకట్టిన నేల కరిగి కుంగుతూ ఉంటుంది. రోడ్డు అలల్లా లేస్తుంది. మరమ్మతులు జరిగే చోట మైళ్ల కొద్దీ ఉత్త కంకర. ముందు దారి చూపే పైలట్ కారు వెనక బండ్లన్నీ వరసగా పోవాలి. కంకర మీద నేను గంటకు 30 మైళ్ల వేగం దాటలేదు. వేగం సగం చేస్తే రాయి దెబ్బ నాలుగో వంతుకి పడిపోతుంది. ఎంత ఖరీదైన వస్తువు కొన్నా ఈ పని మాత్రం యాక్సిలరేటర్ మీది కాలే చేయాలి.

టెక్సస్ పెచ్చులన్నీ పూడ్చిన తర్వాత నుంచి ఇప్పటిదాకా 31,000 మైళ్లలో ట్రైలర్ ముందు పడ్డ కొత్త దెబ్బలు తొమ్మిది. అందులో ఆరు యుకాన్‌వే. ఇంకో లాభం నేను ఊహించలేదు. మొదటి ట్రిప్ తర్వాత ట్రక్కు వెనక తలుపు మీద కూడా చిన్న సొట్టలు కనిపించాయి. అవి ఎలా పడ్డాయో అర్థం కాలేదు. ట్రైలర్‌కి తగిలిన రాళ్లు వెనక్కి ఎగిరి తగిలినవని తర్వాత తెలిసింది. ఎస్‌యూవీతో లాగేవాళ్లకి ఇలాగే వెనక అద్దం పగలొచ్చు. ఫ్లాప్‌లు పెట్టాక ఆ సొట్టలు పెరగలేదు. వానలో నీటి తుంపర కూడా తగ్గి, సైడు అద్దాల్లో వెనక బాగా కనిపిస్తుంది.

ఇవి కాపాడనివీ ఉన్నాయి. ఎదురుగా వచ్చే లారీ విసిరే రాయికి ఇవేం చేయలేవు. మా ముందు అద్దం మీద పడ్డ చుక్కని యుకాన్‌లోని వైట్‌హార్స్‌లో రెసిన్ (పగులు పూడ్చే జిగురు) నింపించుకున్నాం. ట్రైలర్ సొంత చక్రాలు విసిరే రాళ్లు ట్రైలర్ అడుగుకే తగులుతాయి. అలా ఒక రాయి నీళ్లు వదిలే పైపు మొనని విరిచేసింది. పొద్దున్నే లేచి చూస్తే ట్యాంకు ఖాళీ, పిల్లలకి పళ్లు తోముకోవడానికి బాటిల్ నీళ్లే దిక్కయ్యాయి. అప్పట్నించీ కిందికి వేలాడే పైపులకీ గ్యాస్ గొట్టానికీ పైపుల ఫోమ్ తొడుగు వేసి, జిప్ టైలు బిగించి పెడుతున్నాను. ఖర్చు పది డాలర్లు కూడా కాదు.

ఫ్లాప్‌లు పెట్టిన ఏడాదికే ముందు భాగం కింద మూడు అడుగుల మేర పారదర్శక ఫిల్మ్ కూడా వేయించాను. 1,200 డాలర్లు అయింది. చెడ్డది కాదు, కానీ అంచుల దగ్గర మట్టి గీతలు కట్టాయి, కాస్త పసుపు తిరిగింది. కింద స్టిక్కర్ ఉన్న చోట మాత్రం వేయించకండి, ఫిల్మ్ తీసేటప్పుడు స్టిక్కర్ కూడా ఊడి వస్తుంది. డబ్బు ఒక్కదానికే ఉందంటే ఫ్లాప్‌లే కొనమంటాను.

నాలుగేళ్లలో కుడి రబ్బరు అంచు రెండు అంగుళాల మేర అరిగిపోయింది. రబ్బరు ఒక్కటే మార్చుకోవచ్చు, కడ్డీలు ఇంకా గట్టిగానే ఉన్నాయి. కొత్త షీటు గరాజ్‌లో ఉంది. వచ్చే నెల కొలరాడో బయల్దేరే ముందు బిగించాలి. ఈసారి నీళ్ల ట్యాంకు నింపాకే కొలుస్తాను.