పుట్టీ: హోమ్ కీ పంపేదొకటి, షెల్ ఎదురుచూసేదొకటి

భీమవరంలో రొయ్యల మేత టోకు వ్యాపారి దగ్గర లెక్కల సర్వర్ చూసుకునే నేను, విండోస్ కంప్యూటర్ నుంచి ఆ డెబియన్ (ఒక రకం లినక్స్) యంత్రంలోకి వెళ్లడానికి, దూరంలోని కంప్యూటర్‌కు ఆదేశాలు పంపే పుట్టీ అనే ప్రోగ్రామునే వాడుతున్నాను. ఉచితం, పరిమాణంలో చిన్నది, పాత కంప్యూటర్లోనూ క్షణంలో తెరుచుకుంటుంది. మనం టైపు చేసే ఆదేశాలను అందుకుని నడిపే ప్రోగ్రామును షెల్ అంటారు; బాష్ అనే షెల్‌తో ఉన్నన్నాళ్లూ ఏ లోటూ కనిపించలేదు. జడ్‌షెల్ అనే మరో షెల్‌కు మారిన రోజే, పొడవాటి ఆదేశంలో మొదటి అక్షరం సరిచేద్దామని హోమ్ కీ నొక్కితే, కర్సర్ కదలకపోగా వరస చివర ~ గుర్తు వచ్చి పడింది. కీబోర్డు పాడైందనుకుని కొత్తది కొనబోయాను కూడా.

లోపం కీబోర్డుది కాదు. పుట్టీ తనను ఎక్స్‌టెర్మ్ అనే మరో టెర్మినల్‌గా (ఆదేశాలు టైపు చేసే తెరగా) సర్వర్‌కు పరిచయం చేసుకుంటుంది, కానీ హోమ్ నొక్కినప్పుడు ఎస్కేప్ అనే సంకేతం తరువాత [1~ పంపుతుంది, సర్వర్‌లోని ఎక్స్‌టెర్మ్ వర్ణనలో (ఏ కీ ఏ సంకేతం పంపుతుందో చెప్పే జాబితాలో) మాత్రం ఆ కీకి ఎస్కేప్ తరువాత ఓ, హెచ్ అక్షరాలు రాసి ఉంటాయి. ధవళేశ్వరంలో నీరు సక్రమంగా వదిలినా లస్కరు వేరే తూము తెరిస్తే మన చేను తడవదు కదా, ఇదీ అంతే. బాష్ కీలను చదవడానికి వాడే రీడ్‌లైన్ అనే భాగానికి డెబియన్ వారు పుట్టీ పంపే సంకేతాన్ని కూడా ముందే నేర్పి ఉంచారు. జడ్‌షెల్ రీడ్‌లైన్ వాడదు, డెబియన్ దానికిచ్చిన అమరికలు ఆ వర్ణననే నమ్ముతాయి.

పుట్టీలో కనెక్షన్ కింద ఉన్న డేటా పేజీలో, టెర్మినల్ రకం గడిలో ఎక్స్‌టెర్మ్ తీసేసి చిన్న ఇంగ్లీషు అక్షరాలతో putty అని రాస్తే చిక్కు తీరుతుంది. అయితే సర్వర్‌లో ఆ పేరుతో వర్ణన ఉండాలి; డెబియన్‌లో అది అదనపు ఎన్‌కర్సెస్ ప్యాకేజీతో వస్తుంది. నాలా ఒకే సర్వర్ చూసుకునేవారికి ఇదే మేలు. పది సర్వర్లు తిరిగేవారు మాత్రం జడ్‌షెల్ అమరికల ఫైలులో కీకి పని కేటాయించే బైండ్‌కీ ఆదేశంతో హోమ్‌కూ ఎండ్‌కూ చెరో వరస రాసుకోవడం మంచిది, ఎందుకంటే ఆ వర్ణన లేని చోట పూర్తి తెర వాడే ప్రోగ్రాములు మొరాయిస్తాయి.

పుట్టీ తన కీబోర్డు పేజీలో హోమ్, ఎండ్ కీలకు రెండు ఎంపికలు చూపి ఆశపెడుతుంది గానీ, ఆ రెండింటిలో ఏదీ ఎక్స్‌టెర్మ్ వర్ణనకు సరిపోదు. మూడోది ఎందుకు చేర్చలేదో నాకు అంతుపట్టలేదు. బ్యాక్‌స్పేస్‌కు అదే పేజీలో ముందుగా ఉన్న 127 అనే సంకేతం లినక్స్‌కు సరిపోతుంది, దాన్ని కదపకండి. అమరిక మార్చాక మళ్లీ సెషన్ పేజీకి వెళ్లి సేవ్ నొక్కకపోతే మర్నాటికి అంతా మొదటికొస్తుంది; నేను రెండుసార్లు మరచి, రెండుసార్లూ జడ్‌షెల్‌నే తిట్టుకున్నాను.