తిరుమల ఎలక్ట్రిక్ బస్సు: అమ్మ నిమ్మకాయ వాసన చూడకుండానే కొండెక్కింది

మాది ప్రొద్దుటూరు. ఎన్నిసార్లు పోయినా ఘాట్ రోడ్డంటే మా అమ్మకు భయమే, చేతిలో నిమ్మకాయ, ఒళ్లో ప్లాస్టిక్ కవరు లేకుండా బండెక్కదు. పోయినసారి తొందరపడి ఒక ప్రైవేటు జీపు మాట్లాడుకున్నాం. వెనక డోరు సందులోంచి డీజిల్ పొగ లోపలికే కొడుతుంటే నాలుగు మలుపులు తిరగకముందే వాంతులు మొదలయ్యాయి, పైకి పోయాక రెండు గంటలు లేవలేదు. అందుకే ఈసారి వచ్చిన బస్సు వచ్చినట్టు వదిలేసి, ఎలక్ట్రిక్ బస్సు వచ్చేదాకా ఆగి ఎక్కాం.

ఏసీ ఉంది, ఇంజను మోత లేదు, గేరు మార్చినప్పుడల్లా వచ్చే కుదుపు అసలే లేదు. సగం దూరం పోయాక అమ్మ "పొగ వాసనే రాలేదే" అంది. మలుపులకు తల కాస్త తిరిగిందట, అంతే. కవరు మడత కూడా విప్పలేదు.

నాకు మాత్రం దిగేటప్పుడే బాగా నచ్చింది. 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు మీద దిగుతుంటే బ్రేకు లైనర్లు కాలిన వాసన చిన్నప్పటి నుంచీ తెలుసు. ఇందులో డ్రైవరన్న యాక్సిలరేటరు మీద కాలు తీస్తే చాలు, మోటారే బండిని పట్టి ఆపుతోంది, ఆ ఊపుతో పుట్టిన కరెంటు మళ్లీ బ్యాటరీలోకి పోతోంది. ముందు సీట్లో కూర్చుని దారంతా అదే చూశాను.

ఈ బస్సులు ఊరికే రాలేదు. 2022 సెప్టెంబరులో అలిపిరిలో మొదటి విడత మొదలుపెట్టారు, మొత్తం 100 బస్సుల్లో 50 ఈ ఘాట్ కోసమే. బస్సు, డ్రైవరు, రిపేర్లు కాంట్రాక్టరువి, రూటు, టికెట్టు ఆర్టీసీవి, నడిపిన కిలోమీటరుకు ఇంతని ఆర్టీసీ కాంట్రాక్టరుకు చెల్లిస్తుంది. ఎలక్ట్రిక్ బండ్లను ప్రోత్సహించే ఫేమ్-2 పథకం కింద ఈ సైజు బస్సుకు కేంద్రం గరిష్ఠంగా 45 లక్షల దాకా సబ్సిడీ ఇచ్చింది, అదీ ఇలా కిలోమీటరు లెక్కన నడిపితేనే. తక్కువ రేటు వేసినవాడికే పని అనే పాత పద్ధతి పోలేదు గానీ, బండి ఎలక్ట్రిక్‌ది కావాలని టెండరులోనే రాశారు కాబట్టి డీజిల్ బస్సున్నవాడు పోటీకే రాలేడు. ఆ ఒక్క షరతు వల్లే మా అమ్మ కొండెక్కి నేరుగా క్యూలైన్లో నిలబడగలిగింది.

మరి ఆ షరతు బస్సులకే ఎందుకు ఆగాలి? పైకి పోయేటప్పుడు మా ముందు ఒక సరుకుల లారీ నల్లగా పొగ వదులుతూ మూలుగుతూ ఎక్కింది, పక్కనే నడిచినట్టు మా బస్సు దాన్ని దాటేసింది. ఆఫీసులకు అద్దెకు తీసుకునే కార్లు, చెత్త ఆటోలు, సభలకు తెచ్చే జనరేటర్లు, వీటన్నిటికీ ప్రభుత్వమే డబ్బు కడుతోంది కదా. ఒకేసారి అందరినీ మార్చమంటే చిన్న కాంట్రాక్టర్లు తట్టుకోలేరు, అప్పు చేసి మొన్ననే డీజిల్ బండి కొన్నవాళ్లు చాలామంది ఉంటారు. పొగ రాని బండి తెచ్చినవాడికి టెండరులో నాలుగు మార్కులు ఎక్కువ వేసినా మెల్లగా మారతారు.

బస్సు చిన్నదే, 9 మీటర్లు, కాబట్టి పెద్ద సూట్‌కేసులు కిందే రూములో పెట్టేసి ఎక్కండి. ముసలివాళ్లు, ఘాట్ పడనివాళ్లు వెంట ఉంటే రెండు బస్సులు వదిలేసైనా దీనికోసం ఆగండి.