పాత బూట్లకు కొత్త నలుపు: ఫీబింగ్స్ ప్రో డై వాడి చూశాను

నేను వకీలుని. పనిరోజుల్లో నల్లబూట్లు తప్ప వేరేవి వేసుకునే వీల్లేదు. పాతకాలపు బూట్ల పిచ్చి ఉన్నవాడికి ఇది పెద్ద చిక్కే. బాగా కుట్టిన జత ఒకటి నా సైజులో కంటపడిందంటే అది టాన్ (లేత గోధుమ) రంగులోనో, ఎరుపు కలిసిన గోధుమరంగులోనో ఉండి తీరుతుంది. అందుకే తోలులోకి ఇంకే రంగు, ఫీబింగ్స్ ప్రో డై, నలుపు సీసా తెప్పించాను. 4 ఔన్సులది, అంటే 118 మిల్లీలీటర్లు. ఈ కంపెనీ 1895 నుంచి అమెరికాలోని మిల్వాకీలో ఉంది. ఈ రంగునే ఇదివరకు ఆయిల్ డై అని అమ్మేవారు కాబట్టి ఆ పాత పేరుతో ఎవరైనా మెచ్చుకుంటుంటే అది దీని గురించే అనుకోండి.

ముందే చెప్పేస్తాను, రంగు చాలా బాగుంది. కాకపోతే మీ చేతిలో ఉన్న బూట్లకు ఇది అసలు పనికొస్తుందా అన్నది సీసా కొనక ముందే తేల్చుకోవాలి. ఆ పని చేయకుండా రంగుని మెచ్చుకున్నా తిట్టినా అర్థం లేదు.

నేను వేసింది ఫ్లోర్‌షైమ్ అనే అమెరికా కంపెనీ ఇంపీరియల్ రకంలో లాంగ్‌వింగ్ జతకి. బొటనవేలి దగ్గర మొదలైన చిల్లుల డిజైను పక్కల గుండా మడమ దాకా వెళ్తుంది. డబుల్ సోల్, మంచి బరువు. హీలు వెనక భాగంలో వి ఆకారంలో చిన్న లోహపు బిళ్ల దిగ్గొట్టి ఉంటుంది. పాత ఇంపీరియల్స్‌ని గుర్తుపట్టడానికి చాలామంది ముందు చూసేది దాన్నే. అమ్మినాయన మాత్రం ప్రకటనలో 'షెల్ కార్డొవాన్' అని రాశాడు. ఆ ముక్క రాస్తే రేటు పెరుగుతుందని పాత బూట్లు అమ్మేవాళ్లందరికీ తెలుసు.

షెల్ కార్డొవాన్ గుర్రం పిరుదు భాగం నుంచి తీసే తోలు. దానికి రోమరంధ్రాలు కనబడవు. నడిచేటప్పుడు వేళ్ల మొదట్లో సన్నటి ముడతలు పడవు, లావుపాటి మడతలు గుండ్రంగా దొర్లినట్టు లేస్తాయి. నా జతకి లేసుల కింద నాలుక మీద భూతద్దం పెట్టి చూస్తే చుక్కచుక్కలుగా రంధ్రాలు, వంగే చోట దారాల్లాంటి ముడతలు కనిపించాయి. మామూలు దూడతోలే. నా అవసరానికి అదే మేలు. నిజమైన కార్డొవాన్ అయ్యుంటే దానికి నలుపు పూయడానికి నాకు చేతులు రావు.

వయసు లెక్కగట్టడానికి నేను చూసేవి రెండు మూడున్నాయి. సోల్ కింద గానీ నాలుక వెనక గానీ తోలు, గుడ్డ, ఇతర పదార్థాలు అని చెప్పే చిన్న బొమ్మలుంటే అది యూరప్ మార్కెట్‌కి వెళ్లిన సరుకు. ఆ లేబుల్ నిబంధన 1996లో అమల్లోకి వచ్చింది, కాబట్టి ఎంత పాతగా కనిపించినా ఆ జతది దాదాపు ఆ తర్వాతి కాలమే. అమెరికా బూట్లకు అసలు డబ్బా కూడా దొరికితే అడ్రసు చూడండి. మన పిన్ కోడ్ల లాంటి జిప్ కోడ్లు అక్కడ వచ్చింది 1963లో. కోడ్ ఉంటే డబ్బా ఆ తర్వాతది. లేనంత మాత్రాన ముందుదని తేల్చేయలేం గానీ, ఆ వైపు మొగ్గుతాం.

సోల్‌ని పైభాగానికి ఎలా కుట్టారో కూడా చూడాలి. చెయ్యి లోపల పెట్టి అడుగు తడిమితే కుట్టు వేలికి తగిలిందా, అది బ్లేక్ కుట్టు. లైమన్ బ్లేక్ అనే ఆయన 1858లో పేటెంట్ తీసుకున్న యంత్రం పేరు మీద వచ్చింది. లోపల కుట్టు లేకుండా బయట అంచు పట్టీ మీద మాత్రమే ఉంటే గుడ్‌ఇయర్ వెల్ట్ అయ్యే అవకాశం ఎక్కువ. కాకపోతే కొన్నిట్లో ఆ పట్టీ ఉత్త అలంకారానికి అంటించిందై ఉంటుంది. వెల్ట్ ఉన్నదైతే పైతోలు జోలికి పోకుండా సోల్ మళ్లీ మళ్లీ మార్పించుకోవచ్చు. ఇంత కష్టపడి రంగు వేశాక సోల్ అరిగిందని పారేయాల్సి వస్తే ఎవరికి బాగుంటుంది?

ఇక అసలు పరీక్ష నీటిచుక్క. మడమ పక్కన, కింది వైపు ఎవరూ చూడని చోట ఒక చుక్క వేయండి. కాసేపట్లో అక్కడ తోలు ముదురు రంగుకి తిరిగితే అది నీళ్లు పీల్చుకుంటోందన్నమాట, రంగునీ పీల్చుకుంటుంది. తామరాకు మీద నీటిబొట్టులా నిలిచిపోతే పైన దట్టంగా మైనమైనా ఉండాలి, ప్లాస్టిక్ పూతైనా ఉండాలి. మైనం అయితే గుడ్డకు అసిటోన్ (నెయిల్ పాలిష్ తుడవడానికి వాడే ద్రావకం) తడిపి తుడిస్తే పోతుంది, మళ్లీ చుక్క వేసి చూసుకోవచ్చు. ప్లాస్టిక్ పూత అయితే అది కరెక్టెడ్ గ్రెయిన్, అంటే మచ్చలు పోయేలా తోలుని సానబట్టి పైన పూత వేసింది. దానికి ప్రో డై దండగ. సఫీర్ రెనోవాట్రిస్ లాంటి, పైన పట్టుకుని ఉండే రంగు క్రీము వాడుకోవాలి.

ఈ పనిలో నాకు ఎక్కువ సమయం పట్టింది రంగు వేయడానికి కాదు, పాతది ఊడదీయడానికి. లేసులు తీసి, పాత టూత్‌బ్రష్‌తో చిల్లుల్లోని మట్టి దులిపి, శాడిల్ సోప్ అనే తోలు సబ్బుతో కడిగి, లోపల షూ ట్రీలు (ఆకారం చెడకుండా పెట్టే దిమ్మలు) పెట్టి నీడలో ఆరనిచ్చాను. ఎండలో పెడితే తోలు బిర్రబిగుసుకుంటుంది. ఆ తర్వాత అసిటోన్. కిటికీలు తెరిచి, గ్లవ్స్ వేసుకుని, దగ్గర్లో ఎక్కడా మంట లేకుండా చూసుకుని చేయాలి. సీసాలోంచి నేరుగా బూటు మీద పోయకూడదు, గుడ్డకే తడపాలి. పాత బూట్లలో ముందు భాగం బిగువుగా నిలవడానికి లోపల సెల్యులాయిడ్ అనే పాతరకం ప్లాస్టిక్ పెట్టినవి ఉన్నాయి. అసిటోన్ నానేలా పోస్తే అది కాస్తా మెత్తబడి మొన అణిగిపోతుంది.

గుడ్డకి అంటిన రంగుల్ని చూస్తే ఈ బూట్లు ఎంతమంది చేతుల్లో పడ్డాయో తెలిసింది. ముందు నల్లటి జిడ్డు, తర్వాత ఎర్రటి పాలిష్, దాని కింద పసుపు. ఎవరో ఎప్పుడో అద్దంలా మెరవాలని మొన మీద మైనం పొరలు పొరలుగా ఎక్కించారు. మిగతా బూటంతా వెలవెలబోయాక కూడా అక్కడ మెరుపు వదల్లేదు. అలాంటి చోట తొందరపడితే రంగు మచ్చలుగా దిగుతుంది. నాలుగు వైపులా నీటిచుక్కలు వేసి అన్నీ ఒకే వేగంతో ఇంకుతున్నాయని చూసుకున్నాకే సీసా మూత తీశాను.

రంగు వేయడం నిజానికి చిటికెలో పని. స్పిరిట్ (ఆల్కహాల్) కలిసిన రంగు కాబట్టి వాసన ఘాటు, ఆరడం వేగం. నేరుగా నలుపు వేయలేదు. ముందు ఇదే రకంలో నేవీ బ్లూ ఒక పలచటి పూత వేసి, అది ఆరాక దానిపైన నలుపు వేశాను. టాన్ రంగు అడుగున వెచ్చగా ఉంటుంది. దానిమీద పలచటి నలుపు వేస్తే కొన్నిసార్లు ముదురు గోధుమగానే కనిపిస్తుంది. కింద నీలం ఉంటే నలుపు లోతుగా వస్తుంది. తోలుపనివాళ్లకు ఇది పాత చిట్కాయే. ఒక ముక్క మొదలుపెడితే కుట్టు నుంచి కుట్టు దాకా ఆగకుండా వెళ్లాలి. మధ్యలో ఫోన్ మోగినా తీయకండి, ఆగిన చోట గీత పడుతుంది.

చిల్లుల సంగతి వేరే చెప్పాలి. పూత పైపైనే పడితే ప్రతి చిల్లు అంచులోంచి పాత టాన్ తొంగిచూస్తుంది. మరీ తడిగా వేస్తే రంగు చిల్లులోంచి లైనింగ్ మీదికి దిగి తర్వాత మేజోళ్లకు అంటుతుంది. నేను సన్నటి పెయింటింగ్ బ్రష్‌ని తడిపి, కాగితం మీద ఒత్తి, దాదాపు పొడిగా ఉన్నప్పుడు చిల్లు చిల్లుకీ తిప్పాను. లాంగ్‌వింగ్‌కి ఎన్ని చిల్లులుంటాయో అప్పుడే తెలిసొచ్చింది! కుట్టుదారం నూలుదైతే రంగు తాగుతుంది, సింథటిక్ అయితే తాగదు. నా అదృష్టం, పైభాగం దారమంతా నల్లబడింది.

ఆరాక చూస్తే ఎవరైనా ఒక క్షణం కంగారుపడతారు. నలుపు మీద ఆకుపచ్చో ఊదారంగో తెలియని లోహపు జిగి ఒకటి తేలుతుంది. ఇంకకుండా పైన మిగిలిన రంగు అది. స్పిరిట్ రంగులన్నిటికీ ఉన్న గుణమే. పొడి గుడ్డతో రుద్దాలి, గుడ్డకు నలుపు అంటడం దాదాపు ఆగేదాకా రుద్దాలి. ఇక్కడ బద్ధకిస్తే లేతరంగు ప్యాంటు అంచులు మీ మీదే సాక్ష్యం చెబుతాయి. రుద్దడం అయ్యాక తోలు ఎండినట్టు ఉంటుంది కాబట్టి కండిషనర్, ఆ తర్వాత నల్ల క్రీము, చివర్న మైనం పాలిష్. ఈ మూడూ పడ్డాకే బూటు బూటులా కనిపించింది. సోల్ అంచుకి ప్రో డై వాడలేదు, విడిగా ఎడ్జ్ డ్రెస్సింగ్ పూశాను.

నలుపు నిలుస్తోంది. వర్షంలో తడిసినప్పుడు కూడా కారలేదు, గీసుకున్న చోట కూడా లోపల నల్లగానే ఉంది. పైన కూర్చునే పెయింటుకీ లోపలికి దిగే రంగుకీ తేడా తెలిసేది ఆ గీత దగ్గరే. దగ్గరగా చూస్తే తోలు ముడత, రంధ్రం అన్నీ కనిపిస్తున్నాయి, దేన్నీ పూడ్చేయలేదు.

అదే కారణంగా ఇది పగుళ్లను దాచదు. పగుల్లోకి రంగు ఇంకా ఎక్కువ దిగి గీతలా నిలుస్తుంది. వంగే చోట తోలు చిట్లిన జతకి ఈ సీసా మీద ఆశ పెట్టుకోకండి. ముదురు రంగుని లేతగా మార్చాలన్నా కుదరదు, ఈ రంగులు పారదర్శకం, ఉన్నదాన్ని ఇంకా ముదురు చేయగలవంతే. కాబట్టి టాన్ నుంచి గోధుమకి, గోధుమ నుంచి నలుపుకి వెళ్లేవాళ్లు కొనుక్కోండి. ఒక జతకి పట్టేది తక్కువే, నా సీసాలో ఇంకా సగానికి పైనే ఉంది. మూత మాత్రం బిగించి నిలబెట్టి దాచండి. ఒలికితే బల్ల మీద మచ్చ ఏ అసిటోన్‌కీ పూర్తిగా లొంగదు.