రేగెన్స్‌బుర్గ్‌లో ఒక్క పూట

నురెంబర్గ్ నుంచి బుడాపెస్ట్ దాకా డాన్యూబ్ నది మీదుగా మా క్రూయిజ్. వియన్నా గురించి ఎక్కకముందే అందరూ ఊరించారు. జర్మనీలోని రేగెన్స్‌బుర్గ్ పేరు మాత్రం టికెట్లు తీసుకునేదాకా మేం వినలేదు. తిరిగొచ్చాక నేను ఎక్కువగా చెప్పేది దాని గురించే.

ముందు ఓడ సంగతి. బాల్కనీ గదికి అదనంగా కట్టాం. తీరా చూస్తే రేవులో చోటు చాలక ఓడల్ని పక్కపక్కన కట్టేస్తారు. పొద్దున్నే కర్టెన్ తీస్తే ఎదురుగా అవతలి ఓడలో ఒక పెద్దాయన పళ్ళు తోముకుంటున్నాడు! ఒడ్డుకి దిగాలన్నా ఆ ఓడ లాబీలోంచే నడవాలి. బుకింగ్ అప్పుడు ఈ మాట ఎవరూ చెప్పలేదు. ఊళ్ళు చూడాలని వెళ్ళేవాళ్ళకి చిన్న కిటికీ గది చాలు.

రేవు నుంచి పాత ఊరికి నడిచే వెళ్ళాం. రాతి వంతెన చూడగానే మా ఆవిడ కాళ్ళ నొప్పుల మాట మర్చిపోయింది. 1135లో మొదలుపెట్టి పదకొండేళ్ళలో కట్టారట. కార్లు లేవు, మనుషులూ సైకిళ్ళే. పెద్ద ఓడలు దీని కింద దూరలేవు, అందుకే ఉత్తరాన వేరే కాలువలోంచి వస్తాయి. కట్టినవాడు దయ్యంతో ఒప్పందం చేసుకుని, ఎవరు ముందు పూర్తిచేస్తారని చర్చి కట్టే మేస్త్రీతో వేసిన పందెం గెలిచాడని కథ. మొదట దాటే మూడు ప్రాణాలు ఇస్తానని, కోడిపుంజునీ పెట్టనీ కుక్కనీ తోలాడట. కథ బాగుంది గానీ, ఇప్పుడున్న పెద్ద చర్చి మొదలయ్యింది వంతెన పూర్తయిన నూరేళ్ళ తర్వాతే.

టికెట్‌లో కలిసొచ్చిన గైడ్ టూర్ పర్వాలేదు, కాకపోతే ముప్పై మంది వెనక పరుగు. మేం మధ్యలో తప్పుకుని పాత టౌన్ హాల్‌కి వెళ్ళాం. సభామందిరంలోకి అక్కడి గైడ్‌తోనే వెళ్ళనిస్తారు, కాబట్టి వేళ ముందే చూసుకోండి. 1663 నుంచి 1806 దాకా పవిత్ర రోమన్ సామ్రాజ్యం (అప్పటి జర్మన్ రాజ్యాల కూటమి) సభ జరిగింది ఇక్కడే. పైన రాజుల కుర్చీలు, కింద ఖైదీలను హింసించిన గది. ఒక్కటే చూసే టైముంటే నేనిదే చూడమంటాను.

తిండి దగ్గర తేడా వచ్చింది. వంతెన పక్కనే పొగలు చిమ్మే సాసేజ్ కొట్టు పేరుమోసింది, అక్కడి సాసేజ్‌లు నాకు తియ్యటి ఆవపిండి ముద్దతో బాగా నచ్చాయి. శాకాహారి మా ఆవిడకి బ్రెజెల్ అనే మెలితిప్పిన రొట్టెతోనే సరి. ఓడలో లంచ్ మానేసి రావద్దని ఆవిడ సలహా.

ఇంటర్ ఫిజిక్స్‌లో మనల్ని ఏడిపించిన కెప్లర్ చనిపోయింది కూడా ఈ ఊళ్ళోనే. తనకి రావలసిన సొమ్ము అడగడానికొచ్చి, జబ్బుపడి 1630 నవంబరులో పోయాడు. తర్వాత అప్పటి ముప్పై ఏళ్ళ యుద్ధంలో సమాధి కూడా మిగల్లేదు. ఆయన పోయిన ఇల్లు మాత్రం ఉంది, బయటి నుంచే చూశాం.

సాయంత్రం ఓడ కదిలిన కాసేపటికి ఎడమ ఒడ్డున కొండ మీద తెల్లటి స్తంభాల కట్టడం కనిపించింది. "ఏ దేవుడి గుడండీ?" అంది మా ఆవిడ. దేవుడు లేడు, జర్మన్ ప్రముఖుల బొమ్మలు పెట్టిన వాల్హల్లా అది. కెప్లర్ బొమ్మా అందులోనే ఉంది.