రేడియో గార్డెన్‌తో ఏడాదిన్నర: రాత్రి ఒంటిగంటకు బమాకో

2023 ఆగస్టులో మేడమెట్ల మీద జారి చీలమండ విరగ్గొట్టుకున్న నేను, సిమెంటు కట్టుతో తొమ్మిది వారాల పాటు రాజమహేంద్రవరంలోని మా ఇంటి ముందుగదిలో మంచానికే పరిమితమయ్యాను. పగలు పలకరించడానికి వచ్చేవారితో ఎలాగో గడిచేది గాని, కాలి సలుపు వల్ల రాత్రి పన్నెండు దాటినా నిద్ర పట్టేది కాదు. అప్పటికే డబ్బు కట్టి ఒక పాటల యాప్ వాడుతున్నాను. ఒకసారి ఘంటసాల పాటలు విన్న పాపానికి అది నెలల తరబడి అవే ఇరవై పాటలను వరస మార్చి వడ్డిస్తూ ఉండేది. నా విసుగు చూసిన మేనల్లుడు మంచం పక్కన లాప్‌టాప్ పెట్టి, రేడియో గార్డెన్ తెరిచి, "దీన్ని తిప్పుకుంటూ పడుకోండి మావయ్యా" అని చెప్పి వెళ్లాడు.

తిరిగే భూగోళం, దాని మీద ఆకుపచ్చ చుక్కలు, చుక్క నొక్కితే ఆ ఊరి రేడియో: 2016 నుంచి ఉన్నదే కాబట్టి ఇంతకు మించి వివరించను. ఈ సమీక్ష రాయడానికి కారణమైన గుణం ఒక్కటే. మీకు ఏ పాటలు ఇష్టమని అది అడగదు, నిన్న ఏం విన్నారో చూసి ఈరోజు దాన్నే మళ్లీ ముందు పెట్టదు. ఆ క్షణంలో ఆ ఊరివాళ్లు వింటున్నదే మనమూ వింటాం. దానితో పాటు నా నిద్రలేమికి ఒక ప్రయోజనం కూడా ఏర్పడింది: మనకు అర్ధరాత్రి ఒంటిగంట అయినప్పుడు పశ్చిమాఫ్రికాలోని మాలి దేశంలో సాయంత్రం ఏడున్నర. అక్కడి రాజధాని బమాకోలో జనం పనులు ముగించుకుని రేడియో పెట్టుకునే వేళకు నేను ఇక్కడ దిండ్లు సర్దుకుంటూ ఉండేవాణ్ణి.

రెండో వారంలో ఒక రాత్రి ఆ చుక్క నొక్కగానే తీగల వాద్యం ఒకటి వినిపించింది. కింది స్థాయిలో ఒకరు లయ నిలుపుతున్నట్టు, నడుమ మరొకరు తిరిగి తిరిగి ఒకే పలుకును మీటుతున్నట్టు, పైన మూడో మనిషి జలజల స్వరాలు రాలుస్తున్నట్టు అనిపించి, ముగ్గురి కచేరీ అనుకున్నాను. పక్కగదిలోంచి మా ఆవిడ, "ఏవండీ, ఈ వేళప్పుడు వీణ ఎవరు వాయిస్తున్నారండీ?" అని అడిగింది. వీణ కాదని నాకు తెలుస్తూనే ఉంది, ఎందుకంటే మెట్ల మీద తీగను లాగి పలికించే గమకం అందులో లేదు. అయినా ఆమె అన్న మాట పూర్తిగా తప్పనీ అనిపించలేదు. వ్యాఖ్యాత మాటల్లో నాకు పట్టుబడినవి రెండే: కోరా, తూమానీ.

ఆ రెండు మాటలు పట్టుకుని మరునాడు పగలంతా వెతికాను. కోరా అంటే పెద్ద సొరబుర్రను సగానికి కోసి, దాని మీద ఆవు తోలు బిగించి, పొడుగాటి కర్ర దూర్చి, ఇరవై ఒక్క తీగలు కట్టిన వాద్యం. పూర్వం తోలుతో చేసిన ఆ తీగలను ఇప్పుడు ఎక్కువగా చేపలు పట్టే నైలాన్ దారంతో కడుతున్నారు. రెండు చేతుల బొటనవేళ్లూ చూపుడువేళ్లూ మాత్రమే మీటుతాయి, మిగిలిన వేళ్లు వాద్యాన్ని పట్టుకోవడానికే సరిపోతాయి. అంటే ఆ రాత్రి నేను విన్న ముగ్గురూ నిజానికి ఒక మనిషి నాలుగు వేళ్లు! ఆ మనిషి తూమానీ జబాతే. రాజుల గాథలనూ వంశావళులనూ పాడుతూ తరతరాలుగా అదే వృత్తిలో ఉన్న కుటుంబంలో 1965లో బమాకోలో పుట్టినవాడు. కోరాను శ్రుతి చేసే పద్ధతుల్లో 'సౌతా' అనేదాంట్లో నాలుగో స్వరం హెచ్చుగా ఉంటుందని చదివాక, మన కల్యాణి రాగం గుర్తుకు వచ్చింది. దగ్గర పోలికే గాని, అచ్చంగా కల్యాణి కాదు.

ఇక్కడిదాకా చదివి వెంటనే యాప్ దించుకోబోయేవారికి కొన్ని సంగతులు చెప్పకపోతే అన్యాయం అవుతుంది. ఆ రాత్రి విన్న బాణీ నాకు మళ్లీ దొరకలేదు. ప్రత్యక్ష ప్రసారం కనుక వెనక్కి తిప్పే వీలు లేదు, స్టేషన్‌వారు బాణీ పేరు చెప్పినా నాకు అర్థమయ్యే భాషలో చెప్పలేదు. పది రాత్రులు అదే వేళకు అదే చుక్క నొక్కితే ఎనిమిది రాత్రులు మాటలే వచ్చాయి, ఒకసారి ఫుట్‌బాల్ చర్చ గంటకు పైగా సాగింది. అక్టోబరులో ఆ స్టేషన్ మూడు వారాలు పూర్తిగా మూగబోయింది. ఇతర ఖండాల్లో చుక్కలు నొక్కుకుంటూ పోయినప్పుడు సగం చోట్ల ఒకే రకం అమెరికా పాటలు ఎదురయ్యాయి. ప్రపంచమంతా తిరిగి ఒకే హోటల్లో భోంచేసినట్టు ఉంటుంది అది.

మరొకటి ఒప్పుకోవాలి. తూమానీ పేరు తెలిశాక, 1988లో వచ్చిన ఆయన ఒంటి కోరా ఆల్బమ్ 'కైరా'ను నేను విన్నది పైన తిట్టిన పాటల యాప్‌లోనే. దాని వెనుకే బల్లాకే సిస్సోకో అనే మరో వాద్యకారుడి కోరాను తెచ్చి నాకు వినిపించిందీ అదే. నా అభిరుచిని అది ఎప్పటికీ కనిపెట్టలేదని అప్పట్లో వచ్చినవారందరికీ చెప్పాను గాని, ఆ మాట ఇప్పుడు అంత గట్టిగా చెప్పలేను. వెతకడానికి పేరంటూ ఒకటి ఉంటే దానికీ పని తెలుసు.

కట్టు విప్పి నడక మొదలుపెట్టాక నిద్ర కూడా మామూలైంది, అర్ధరాత్రి రేడియో దాదాపుగా ఆగిపోయింది. 2024 జూలైలో తూమానీ మరణవార్త చూసిన రాత్రి మాత్రం మేలుకుని బమాకో చుక్క నొక్కాను. చాలాసేపు మాటలే వచ్చాయి, నడుమ నడుమ ఆయన పేరు మాత్రం తెలిసింది.

కాబట్టి ఉద్యోగానికి పొద్దున్నే బయలుదేరవలసినవారికీ, కోరుకున్న పాట కోరుకున్న వేళకు వినాలనుకునేవారికీ దీన్ని సిఫారసు చేయడానికి నాకు ధైర్యం లేదు. ఇంట్లో చిక్కుకుపోయి, చేతిలో బోలెడంత సమయమూ ఓపికా ఉండి, ఆగకుండా నడిచే ఇంటర్నెట్ ఉన్నవారైతే ప్రయత్నించవచ్చు. నేను గుర్తుపెట్టి ఉంచుకున్న స్టేషన్లు ఇప్పుడు నాలుగే, వాటిలో బమాకో ఒకటి. ఆదివారం మధ్యాహ్నాలు మా ఆవిడ అప్పుడప్పుడూ "ఆ గేలపు దారం వీణ పెట్టండి" అంటుంది. ఆ వేళకు అక్కడ ఏం వస్తుందో తెలియదు కనుక, పాటల యాప్‌లో 'కైరా' పెడుతున్నాను.