మస్కట్ చవక ప్యాకేజీ: తేదీలు చూసుకోకుండా డబ్బు కట్టకండి

నిన్న మళ్లీ అదే వాట్సాప్ మెసేజ్ వచ్చింది. "మస్కట్ 4 రాత్రులు, 5 పగళ్లు, మనిషికి 54,000 మాత్రమే, మూడు పూటలా ఇండియన్ భోజనం." తేదీలు ఫిబ్రవరి 22 నుంచి 26. ఈ ఏడాది, అంటే 2026లో, రంజాన్ మొదలయ్యేదే ఫిబ్రవరి 18, 19 ప్రాంతంలో. ఆ ముక్క మెసేజ్‌లో ఎక్కడా లేదు. పోయినేడాది మాకు పంపినప్పుడూ లేదు. అందుకే రాస్తున్నా.

మేం వెళ్లింది 2025 మార్చి 10న. మావారు, నేను, అత్తయ్య, ఆరేళ్ల బాబు. మనిషికి 58,000. మిగతావాళ్లు డెబ్బై వేల పైన చెబుతుంటే నువ్వెలా ఇస్తున్నావని ఆ ట్రావెల్స్ అతన్ని అడిగితే "ఆఫ్ సీజన్ మేడమ్" అన్నాడు. అందులో అబద్ధం లేదు, కానీ అసలు సంగతి మింగేశాడు.

అది రంజాన్ నెలని మాకు తెలియక కాదు. హైదరాబాద్‌లో ఉంటూ తెలియకపోవడమేంటి, వీధి చివర హలీమ్ బట్టీ పొగ ఇంట్లోకే వస్తుంటే! కాకపోతే మనకు తెలిసిన రంజాన్ వేరు. పాతబస్తీలో కూడా పగటిపూట హోటల్ ముందు గుడ్డ పరదా కట్టి లోపల చాయ్ పోస్తూనే ఉంటారు. అక్కడా అంతే అనుకున్నాం. మస్కట్ ఉన్న ఒమన్ దేశంలో అలా కాదు. పగలు నలుగురిలో తినడం, తాగడం అక్కడ నేరం. శిక్షాస్మృతి 277వ అధికరణంలోనే ఉంది, పది రోజుల నుంచి మూడు నెలల దాకా జైలు. సిగరెట్టూ అంతే. టూరిస్టుని కాబట్టి ఊరుకుంటారులే అనుకునే ధైర్యం నాకైతే లేదు.

రెండో రోజు నిజ్వా ఊళ్లో కోట చూడాలి. మస్కట్ నుంచి రెండు గంటలకు అటూ ఇటూ ప్రయాణం. కాగితం మీద "మధ్యాహ్నం ఇండియన్ రెస్టారెంట్‌లో భోజనం" అని ఉంది. వెళ్తే షట్టర్ దించి ఉంది, సాయంత్రం తెరుస్తామని చీటీ అంటించి. ట్రావెల్స్‌కి ఫోన్ చేస్తే "లంచ్ డబ్బాలు బండిలో పెట్టించాం కదా మేడమ్" అన్నాడు. పొద్దున్న ఆరింటికి కట్టిన వెజ్ బిర్యానీ. సరే, అది ఎక్కడ కూర్చుని తినాలి? ఆ జవాబు వాడి దగ్గర లేదు.

అత్తయ్యకి షుగర్. పొద్దున్నే మాత్ర వేసుకున్నారు. ఒంటిగంటన్నరకి చేతులు వణకడం మొదలైంది, నుదుటి మీద చెమట. ఏసీ బండిలో చెమటేంటని చూస్తే షుగర్ పడిపోతోంది, నాకు గుండె ఆగినంత పనైంది. డ్రైవర్ మలయాళీ, ఆయనా ఉపవాసంలోనే ఉన్నాడు. ఒక్క మాట అడగకుండా బండిని ఖాళీ సందులో గోడ పక్కన ఆపి, కర్టెన్లు లాగేశాడు. సాయంత్రం ఇఫ్తార్ కోసం ముందు అరలో దాచుకున్న ఖర్జూరాల డబ్బా తీసి అత్తయ్య చేతిలో పెట్టాడు. "జబ్బు ఉన్నవాళ్లకి, ప్రయాణంలో ఉన్నవాళ్లకి ఉపవాసం అక్కర్లేదని మా మతంలోనే ఉందమ్మా. బయటివాళ్ల కంట పడకుండా తింటే చాలు" అని, తను దిగిపోయి బండికి వీపు పెట్టి నిలబడ్డాడు. ఆవిడ తేరుకునేదాకా ఆ ఎండలో అలాగే ఉన్నాడు. ఎంత బతిమాలినా మా దగ్గర ఖర్జూరాల డబ్బులు తీసుకోలేదు.

ఈ హడావుడి అయ్యి కోట దగ్గరకు వెళ్తే గేటు మూసేస్తున్నారు. రంజాన్‌లో అక్కడ ముస్లిం ఉద్యోగులకి పని రోజుకి ఆరు గంటలే, చట్టం ప్రకారమే. మామూలు రోజుల టైం టేబుల్ మాకు అంటగడితే ఇంకేమవుతుంది?

మర్నాడు ముత్రా సూక్. మధ్యాహ్నం రెండింటికి తీసుకెళ్లారు, మూసిన దుకాణాల తలుపులు చూసొచ్చాం. నిజానికి ఆ బజారు ఈ నెలలో రాత్రిళ్లు మహా కళగా ఉంటుంది. ప్రార్థనలయ్యాక పిల్లా పెద్దా అందరూ రోడ్డు మీదే, సాంబ్రాణి పొగ, దీపాలు. చివరి రోజు మేమే టాక్సీ కట్టుకుని వెళ్తే తెలిసింది. కాబట్టి రంజాన్‌లో వెళ్లకూడదని నేను అనడం లేదు. పగలు హోటల్లో తిని పడుకుని, సాయంత్రం నుంచి తిరిగేలా ప్లాన్ వేసిస్తే ఇదే ట్రిప్పు బంగారంలా ఉండేది. ఆ ప్లాన్ వెయ్యడానికే కదా డబ్బు తీసుకుంది!

తిరిగొచ్చి ట్రావెల్స్ అతన్ని అడిగితే "హైదరాబాదీలు, రంజాన్ గురించి మీకు నేను చెప్పాలా మేడమ్?" అన్నాడు. మూడు లంచ్‌ల డబ్బూ వెనక్కి రాలేదు, కోట టికెట్ డబ్బూ రాలేదు.

ఎవరైనా బుక్ చేస్తుంటే ముందు ఈ సంగతులు వాట్సాప్‌లో రాతపూర్వకంగా తెప్పించుకోండి, ఫోన్‌లో చెప్పింది లెక్కకు రాదు. మధ్యాహ్న భోజనం ఏ హోటల్లో, పగలు లోపల కూర్చోబెట్టి పెడతారా లేదా. చూసే ప్రతి చోటా ఆ నెలలో పనిచేసే వేళలు ఏంటి. రంజాన్ ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2027లో ఫిబ్రవరి 8 ప్రాంతంలో వస్తుంది, అంటే గల్ఫ్‌లో చలి బాగుండే రోజుల్లోనే. ఈ "ఆఫ్ సీజన్" ఆఫర్లు ఇంకా కొన్నేళ్లు తప్పవు. దేశాన్ని బట్టి పద్ధతులూ మారతాయి. దుబాయ్‌లో 2021 నుంచి హోటళ్లకి పగలు పరదాలు కట్టాల్సిన పని లేదు. అది చూసొచ్చినవాళ్ల మాట పట్టుకుని మస్కట్‌కి బయల్దేరకండి. ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లు ఉంటే గ్లూకోజ్ బిళ్లలు జేబులోనే ఉండాలి, సూట్‌కేసులో కాదు.

నేను వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాం. 5 లక్షల లోపు చెల్లించిన వాటికి అక్కడ ఫీజు కూడా లేదు.

ఇంతా చేసి మమ్మల్ని శాంతింపజెయ్యడానికి వాడు పంపింది 3,000 రూపాయల కూపన్, తర్వాతి ట్రిప్పులో వాడుకోమని. ఇంకా ఫోన్‌లోనే ఉంది. గడువు ఫిబ్రవరి 28.