స్కాలర్‌షిప్ పోర్టళ్లు: తొమ్మిదేళ్లు వాడాక చెబుతున్న మాట

2016లో డిగ్రీలో చేరినప్పుడు మొదటిసారి తెలంగాణ ప్రభుత్వ స్కాలర్‌షిప్ పోర్టల్ ఈపాస్ చూశాను. భద్రాచలంలో నెట్ సెంటర్ అన్న టైప్ చేస్తుంటే పక్కన నిలబడి పదో తరగతి హాల్‌టికెట్ నంబరు చెప్పాను. నంబరు కొట్టగానే నా పేరు, పుట్టిన తేదీ వాటంతట అవే వచ్చేశాయి. చర్ల అవతల కోయ పల్లె నుంచి వచ్చిన పిల్లని, నా వివరాలు అప్పటికే అక్కడ ఉన్నాయంటే ఎంత ధైర్యం వచ్చిందో ఇప్పటికీ గుర్తుంది.

ఆ తర్వాత నా డిగ్రీ, పీజీ, తమ్ముడి ఇంజినీరింగ్, మా వైపు పల్లెల పిల్లలవి కలిపి అరవై డెబ్బై దరఖాస్తులు ఈ చేతులతోనే పెట్టాను. అందుకే ఈ సమీక్ష. ఆదివాసీ పిల్లలు ఎవరైనా ఈ ఏడాది కాలేజీలో చేరుతుంటే వాళ్ల దాకా చేర్చండి.

ఈపాస్‌లో నాకు బాగా నచ్చింది స్టేటస్ పేజీ. ఫీజు డబ్బు ఆర్‌టీఎఫ్ పేరుతో కాలేజీకి, ఖర్చుల డబ్బు ఎంటీఎఫ్ పేరుతో మన ఖాతాకు వస్తుంది. మన దరఖాస్తు కాలేజీ దగ్గర ఉందా, మంజూరైందా, బిల్లు అయిందా అన్నది అక్కడ చూసుకోవచ్చు. ఇది చదవడం వచ్చాక సగం టెన్షన్ పోయింది. "ఆఫీసులో ఆగిందమ్మా" అని ఎవరు చెప్పినా నమ్మకుండా, ఎక్కడ ఆగిందో మనమే చూసి అక్కడికే వెళ్లొచ్చు. ఒకసారి మా పక్కూరి అమ్మాయి ఫారం రెండు నెలలు కాలేజీ లాగిన్‌లోనే పడి ఉంది. స్టేటస్ ప్రింట్ తీసి పంపాను. ఆ వారంలోనే కదిలింది.

మా బంధువుల్లో సగం మందికి పోర్టల్ వేరు. 2014లో చింతూరు, కూనవరం ఆంధ్రలో కలిశాయి కదా, మేనమామ పిల్లలకు ఆంధ్ర పోర్టల్ జ్ఞానభూమి. ఒకే పెళ్లిలో కూర్చుని రెండు రాష్ట్రాల ఫారాలు నింపిన రోజులున్నాయి.

ఇంతకీ డబ్బు ఆగేది ఎక్కువగా పోర్టల్‌లో కాదు, దానికి ముందూ వెనకా. ముందు ఆగేది పేరు దగ్గర. మడకం అన్న ఇంటిపేరు బడి రిజిస్టర్‌లో ఒకలా, ఆధార్‌లో మడ్కం అని ఇంకోలా ఉంటుంది. బడిలో సారు తనకు వినిపించినట్టు రాశారు, ఆధార్ క్యాంపులో ఆపరేటర్ తనకు వినిపించినట్టు కొట్టాడు. రెండూ మన పేర్లే, కంప్యూటర్‌కు మాత్రం ఇద్దరు మనుషులు. పదో తరగతి మెమో మార్చడం చాలా కష్టం కాబట్టి నేనెప్పుడూ మెమోకు తగ్గట్టు ఆధార్‌నే సరిచేయిస్తాను. ఫోన్ నంబరు కూడా అంతే. చిన్నప్పుడు ఆధార్‌కు బాబాయి నంబరో, వార్డెన్ నంబరో ఇచ్చి ఉంటారు. ఆ సిమ్ పోయి ఏళ్లవుతుంది, ఓటీపీ మాత్రం ఇంకా దానికే వెళుతుంది.

వెనక ఆగేది బ్యాంకులో. ఇది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే నేను చూసిన కన్నీళ్లలో ఎక్కువ ఇక్కడివే. 2019లో మా ఊరి అబ్బాయికి స్టేటస్‌లో డబ్బు వేసినట్టు ఉంది, ఖాతాలో రూపాయి లేదు. బ్యాంకులో అడిగితే "ఆధార్ లింకయ్యే ఉంది" అన్నారు. నాలుగుసార్లు తిరిగాడు. వెళ్లిన ప్రతిసారీ నలభై కిలోమీటర్ల బస్సు, ఒక కూలి రోజు పోయినట్టే. చివరికి తేలిందేమిటంటే, ఇంటర్ చదివేటప్పుడు ఇంకో బ్యాంకులో ఖాతా తెరిచాడు, ఆధార్ ఆ ఖాతాకే సీడ్ అయి ఉంది. డబ్బంతా అక్కడ భద్రంగా ఉంది, పాస్‌బుక్కే ఎక్కడో పోయింది.

ఖాతాకు ఆధార్ ఇవ్వడం వేరు, బ్యాంకుల మధ్య చెల్లింపులు చూసే ఎన్‌పీసీఐ జాబితాలో మన ఆధార్‌కు ఆ ఖాతాను జత చేయడం, అంటే సీడ్ చేయడం వేరు. ఆధార్ నంబరు మీద వచ్చే ప్రభుత్వ డబ్బు, చివరగా ఏ బ్యాంకుకు సీడ్ అయితే దానికే వెళుతుంది. ఆధార్ వెబ్‌సైట్‌లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ అని ఉంటుంది. ఓటీపీ కొడితే ఆ బ్యాంకు పేరు చూపిస్తుంది. రెండు నిమిషాల పని. బ్యాంకు మరీ దూరమైన వాళ్లకు పోస్టాఫీసు పేమెంట్స్ బ్యాంక్ ఖాతా తెరిపిస్తున్నాను, పోస్ట్‌మ్యాన్ ఊళ్లోకే వస్తాడు.

కేంద్రానిది నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్. తమ్ముడికి 2021లో ఎన్ఐటీలో సీటొచ్చింది. ఎస్టీ పిల్లలకు టాప్ క్లాస్ స్కాలర్‌షిప్ ఉందని, ఫీజుతో పాటు పుస్తకాలకు, కంప్యూటర్‌కు కూడా ఇస్తారని, కుటుంబ ఆదాయం 6 లక్షల లోపు ఉంటే చాలని అక్కడ ఎవరూ చెప్పలేదు. వాట్సాప్‌లో ఒక గోండు సీనియర్ పెట్టిన మెసేజ్ వల్ల గడువుకు వారం ముందు తెలిసింది. ఏడాదికి దేశమంతటికీ వెయ్యి కొత్త స్కాలర్‌షిప్‌లు. ఆ మెసేజ్ చూడకపోతే? ఇప్పటికీ తలుచుకుంటే గుండె దడదడలాడుతుంది. ఈ పోర్టల్‌లో 2024 నుంచి ఓటీఆర్ (వన్ టైమ్ రిజిస్ట్రేషన్) నంబరు వచ్చింది, ఒక్కసారి తీసుకుంటే చదువు అయ్యేదాకా అదే. ఫారంలో తప్పుంటే డిఫెక్టివ్ అని వెనక్కి పంపుతారు. అది తిరస్కరణ కాదు, దిద్ది మళ్లీ పంపొచ్చు. చాలామంది పిల్లలు ఆ మాట చూసి అక్కడే వదిలేస్తున్నారు, దయచేసి వదలొద్దు.

ఫారం నింపడం నేర్చుకోవచ్చు, ఫలానా స్కీమ్ ఉందని తెలియడమే మాకు కష్టం. 2022లో వచ్చిన మైస్కీమ్ సైట్ ఇందుకు కొంత పనికొస్తోంది. వయసు, రాష్ట్రం, వర్గం చెబితే మనకు సరిపోయేవి చూపిస్తుంది, లాగిన్ కూడా అక్కర్లేదు. అయినా ఆదివాసీ పిల్లలు నేరుగా చూడాల్సినవి ఇంకా ఉన్నాయి. పీహెచ్‌డీ వాళ్లకు కేంద్ర గిరిజన మంత్రిత్వ శాఖ ఫెలోషిప్ ఏడాదికి 750 మందికి ఇస్తారు. విదేశీ చదువుకు అదే శాఖ ఏడాదికి ఇచ్చే స్కాలర్‌షిప్‌లు 20, అందులో 3 కొండరెడ్లు, చెంచుల వంటి పీవీటీజీ తెగలకు, అంటే ఆదివాసీల్లోనూ బాగా వెనకబడిన తెగలకు. తెలంగాణలోనైతే అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద 20 లక్షల దాకా సాయం ఉంది, దరఖాస్తు ఈపాస్‌లోనే.

మా గ్రూపులో ఎమ్మెస్సీ చదువుతున్న కొండరెడ్డి అమ్మాయి ఒకరుంది. పీవీటీజీ తెగలకు ఉన్న ఆ మూడు విదేశీ స్కాలర్‌షిప్‌లలో ఒకటి తనకు రావాలని ఇప్పటి నుంచే కాగితాలు సర్దుతున్నాం. తండ్రి పేరులో ఒక అక్షరం తేడా ఉంది, అది సరిచేయించాక పాస్‌పోర్టుకు పెడతాం.

మే నెలాఖరు నుంచి సాయంత్రాలు మా ఇంటి అరుగు మీదే ఉంటాను. వచ్చే పిల్లలు పదో తరగతి మెమో, ఆధార్, పాస్‌బుక్ మూడూ తెచ్చుకోండి. ముందు పేర్లు చూద్దాం, తర్వాత ఫారం తెరుద్దాం.